మాజీ సైనికుల వైద్యయాత్ర

ప్రతి సంవత్సరము డిసెంబరు 7వ తేదీని మనము సాయుధదళముల పతాకదినమును జరుపుకొనుచున్నాము. 1949 నుండి వచ్చుచున్న యాచార మిది. ఆనాడు చిన్న కాగితపు జెండాను చొక్కాకు గుచ్చుకొని, డబ్బాలో పదియో పరకయో వేసి, వీరసైనికులను గూర్చి నాలుగు మాటలు విని యిండ్లకు పోవుదుము. ఆ డబ్బు వ్యర్థమని మే మనము. కాని ఆ తరువాతి వారములో నొకనాడు, తెల్లవారకముందే, కొలిమిగుండ్లలో బస్సు నిలుచుచోట దుప్పటి కప్పుకొని కూర్చున్న ముసలి సిపాయిని గూర్చి మనలో నెవరైన నాలోచించితిమా? అతడు కర్నూలు పోవలెను. అక్కడ అతనికి వైద్యము దొరకును, మందులు దొరకును. వానికై అతడు చేతినుండి రూక యీయ నక్కరలేదు. అక్కడికి పోవు దారి మాత్రము అతని నెత్తిమీదిదే.

ఈ వైద్యము అతనికి భిక్షముగా వచ్చినది కాదు. మాజీ సైనికులు చందాతో చేరు ఆరోగ్య పథకము, వాడుకలో ఇ.సి.హెచ్.ఎస్. అనునది, 2003 ఏప్రిల్ 1వ తేదీని ప్రారంభమైనది. పింఛను పొందు మాజీ సైనికుడు తన హోదాను బట్టి యొక్కమారు చందా కట్టి సభ్యు డగును. అతనికిని అతని భార్యకును జీవితాంతము, అతనిపై నాధారపడినవారికి అర్హత యున్నంతకాలము, వైద్యము జరుగును. దేశమున నాలుగు వందలకు పైగా పాలీక్లినిక్కు లీ పథకమున నున్నవి. మొదట అక్కడి వైద్యుడు చూచును. అక్కడ తేలని జబ్బునకు, పథకములో చేరిన పెద్ద యాసుపత్రికి చీటి వ్రాసి పంపును. 2019లో రెండవ ప్రపంచయుద్ధమునాటి సైనికులకును, షార్టు సర్వీసు కమిషనుపై పనిచేసిన యధికారులకును గూడ ఈ వాకిలి తెరచిరి. అనగా హక్కు కాగితముపై నానాటికి వెడల్పగుచునే యున్నది. ఆ హక్కు నుంచిన గది యెంత దూరమున నున్నదను ప్రశ్నను మాత్ర మెవరును వేసికొన్నట్లు లేదు.

కొలిమిగుండ్ల యెక్కడ నున్నదో తెలియని పట్టణవాసులకు బెలుం గుహల పేరు చెప్పిన తెలియును. నేల క్రింద 3,229 మీటర్లు సాగిన ఆ సున్నపురాతి గుహ లున్న మండలమే కొలిమిగుండ్ల. సెలవుదినములలో ఆ గుహలు చూడవచ్చు కారులకు అక్కడ కొదువ లేదు. వానిలో నొక్కటియు ముసలి సిపాయిని ఆసుపత్రికి గొనిపోవుటకు వచ్చినది కాదనుకొనుడు. అది వేరు మాట. ఈ మండలము 2022 ఏప్రిల్ 4 వరకు కర్నూలు జిల్లాలోనిది, అప్పటినుండి నంద్యాల జిల్లాలోనిది. దగ్గరి పెద్ద యూరు తాడిపత్రి. కాని యది అనంతపురము జిల్లా. బనగానపల్లె నలుబది కిలోమీటర్ల దూరము. నంద్యాల డెబ్బదికి పైమాటే. కర్నూలు నూరు దాటును. జిల్లా కచేరి నంద్యాలకు వచ్చినది, సంతోషము. 2023లో అక్కడ ప్రభుత్వ వైద్యకళాశాలయు వచ్చినది, మరింత సంతోషము. కాని సిపాయి పేరు నమోదైన పాలీక్లినిక్కు కర్నూలున నున్నంతకాలము అతని బస్సు కర్నూలు బస్సే.

ఆ ప్రయాణ మెట్టిదో ఒక్కమారు మనసున పెట్టి చూతము. బెలుములోనో, పెట్నికోటలోనో, అంకిరెడ్డిపల్లెలోనో ఒక మాజీ నాయక్ ఉన్నాడనుకొందము. 1971 యుద్ధమునాటికి ఇరువది యేండ్లవాడు. నేటికి డెబ్బదియైదు దరిదాపులు. మంచుకొండలలో బరువు మోసిన మోకాళ్ళు అరిగినవి. చక్కెరజబ్బును రక్తపుపోటును గలవు. ఫిరంగిదళములో పనిచేసినవాడగుటచే ఒక చెవి సరిగా వినబడదు. చక్కెరకు రక్తమును పరగడుపున పరీక్షింపవలెను. తిన్న పిమ్మట రెండు గంటలకు మరల నొకమారు పరీక్షింపవలెను. కావున రాత్రి తిన్న సంగటితోనే, ఉదయపు మాత్ర వేసికొనవచ్చునో రాదో యెరుగక, తెల్లవారుజామున మూడు గంటలకు లేచును. తన యూరినుండి కొలిమిగుండ్లకు ఆటో దొరకిన ఆటో, లేకున్న మనుమని మోటారుసైకిలు వెనుక. అక్కడనుండి బనగానపల్లె బస్సు. అక్కడ దిగి మరియొక బస్సు. కర్నూలు బస్సుస్టాండులో దిగి మరల ఆటో. పాలీక్లినిక్కు చేరునప్పటికి ఎండ నెత్తికెక్కుచుండును. వరుస బయటివరకు వచ్చియుండును. సూది గ్రుచ్చి రక్తము తీసికొందురు. అతడు బయటకు పోయి రెండు ఇడ్లీలు తిని, వచ్చి రెండు గంటలు గడియారమును చూచుచు కూర్చుండును. పేరు పిలిచినప్పుడు వినబడక వరుస జారిపోవుటయు కలదు. తుదకు వైద్యుడు చూచి, గుండెను పరీక్షింపవలెను, పెద్ద యాసుపత్రికి పొమ్మని చీటి వ్రాయును. అక్కడికి పోవునప్పటికి ఆనాటి వేళ దాటును. రేపు రమ్మందురు.

ఆ ‘రేపు’ అన్న మాటను చూడుడు. కర్నూలు పేటలో కాపురమున్నవానికి రేపు రెండు వీధుల దూరము. కొలిమిగుండ్లవానికి పోనురాను రెండు వందల కిలోమీటర్లకు పైమాట. ఆ రాత్రి లాడ్జిలో నుండుట కతనియొద్ద డబ్బు లేకపోవచ్చును. ఉన్నను ఇంటియొద్ద మంచము పట్టిన ముసలామె నెవరు చూతురు? కావున చీటిని మడిచి జేబులో పెట్టుకొని సాయంకాలపు బస్సెక్కును. నడిరేయికి ఇల్లు చేరును. ఆ చీటి అట్లే పెట్టెలో పడియుండును.

ఇట్టి దినము నెలకొకటి వచ్చినచో మూడవ నెలకో నాలుగవ నెలకో ఏ మనుజుడైనను ‘వచ్చే నెల చూతములే’ యనును. మే మీ వ్యాసము వ్రాయుటకు కారణ మీ ఒక్క మాటయే. వైద్యుడు లేక కాదు, మందు లేక కాదు, డబ్బు చాలక యైనను కాదు, దారి చేయలేక వైద్యము మానుకొనుచున్నారు. ఇట్లు మానుకొన్నవాని పేరు ఏ పుస్తకములోను ఎక్కదు. వచ్చినవారి లెక్క కలదు. చచ్చినవారి లెక్క కలదు. రాలేకపోయినవారి లెక్క యుంచు గుమాస్తా యేడి? అతడు ఊరి మందులంగడిలో పాతచీటి చూపి మాత్రలు కొనుక్కొనును. నెల గడుచుటకై మాత్రను సగము విరిచి మ్రింగును. ఒకనాడు పెరటిలో కూలబడును. ఒక ప్రక్క చేయియు కాలును చచ్చుబడును. అప్పుడు 108 బండి వచ్చును. 2005 ఆగస్టు 15వ తేదీని హైదరాబాదున మొదలైన ఆ సేవ తెలుగువారి యిండ్లలో నెందరి ప్రాణములనో నిలిపినది. దానిని తక్కువ చేయువారము కాము. అయినను విచిత్రము చూడుడు: కూలబడినవానిని మోయుటకు బండి యున్నది, కూలబడకుండ తన్ను కాపాడుకొనబోవువానికి బండి లేదు.

మరియొక విచిత్రము. పింఛనుదారు ప్రతి సంవత్సరము తాను బ్రతికియున్నట్లు రుజువు చూపవలెను. 2014 నుండి ఆ జీవన ప్రమాణపత్రమును వేలిముద్ర వేసి ఉన్నచోటినుండియే పంపుకొను వీలు కలిగినది. బ్రతికియున్నానని చెప్పుటకు దూరప్రయాణ మక్కరలేదు. బ్రతికియుండుటకు మాత్ర మక్కరయే.

ఇంటినుండియే వైద్యునితో మాటలాడు ఏర్పాటును సైనిక వైద్యశాఖవారు 2021 మే నెలలో తెచ్చిరి. దానికి సేహత్ ఓపీడీ యని పేరు. మంచి యేర్పాటే. దగ్గు, జ్వరము, పాతమందుల కొనసాగింపు ఇట్టివానికి పనికివచ్చును. కాని తెరపైనుండి వైద్యుడు రొమ్ముపై గొట్టము పెట్టి వినలేడు, రక్తము తీయలేడు, కంటిపొరను శస్త్రముతో తొలగింపలేడు. సరిగా వినబడని చెవికి సెల్లుఫోనులో చెప్పు వైద్య మెంతవరకు? 2025 ఆగస్టు 15 నుండి ఆంధ్రప్రదేశమున స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ మొదలగు బస్సులలో ఉచిత ప్రయాణము లభించుచున్నది. సిపాయి భార్యకు, సిపాయి వితంతువుకు దానివలన మేలు జరిగినది. ఆమెకు తోడుపోవు కూతురికిని టిక్కెట్టు లేదు. కాని ఈ కథలో టిక్కెట్టు డబ్బు చిన్న మాట. బస్సు మెట్టు ఎత్తు, బస్సు వేళ, రెండు బస్సుల నడుమ నిలుచు గంట, మూత్రమునకు పోవు చోటు, ఇవి పెద్ద మాటలు. వీనిని ప్రభుత్వపు ఉత్తరువులలో చేర్చు నలవాటు లేదు గాని, డెబ్బదియేండ్లు దాటినవారిని అడిగిన మొదట చెప్పునవి యివే.

ఇట్టి చిక్కు మనకే వచ్చినది కాదు. అమెరికాలో 1987లో, మాజీ సైనికుల ఆసుపత్రులకు పోవు రోగులకు దారిఖర్చు లిచ్చు సహాయమును అక్కడి కేంద్ర ప్రభుత్వము కోసివేసినది. అది పెద్దదేశము, పల్లెనుండి ఆసుపత్రికి కొన్నిచోట్ల వందలకొలది మైళ్ళు. అప్పుడు డిజేబుల్డ్ అమెరికన్ వెటరన్స్ అను సంఘమువారు, యుద్ధములలో గాయపడి అంగవైకల్యము పొందినవారు 1920లో స్థాపించుకొన్న సంఘమువారు, ఏడ్చుచు కూర్చుండలేదు. చందాలు వసూలు చేసి వ్యానులు కొనిరి. కొన్న వ్యానులను ఆసుపత్రుల శాఖకే దానముగా నిచ్చిరి. నడుపువారు స్వచ్ఛంద సేవకులు, జీతము లేదు. వారిలో ననేకులు తామును మాజీ సైనికులే. ఫోర్డు మోటారు కంపెనీ గూడ కొన్ని బండ్ల నిచ్చినది. ఇన్నేండ్లలో ఆ సంఘ మిచ్చిన బండ్లు వేలలో లెక్కకు వచ్చినవి. ఇది ఆ ప్రభుత్వమునకు కీర్తి యని మే మనము. కీర్తి యంతయు ఆ కుంటి సిపాయిలది.

వారినుండి నేర్చుకొనవలసినది ఔదార్యము కాదు. ఔదార్యము మనకును కలదు. 1866 కరవులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిగారు వేలమందికి అన్నము పెట్టిన సీమ యిది. నేర్చుకొనవలసినది ఏర్పాటు. అక్కడ బండి నడుపదలచినవానిని మొదట వైద్యుడు పరీక్షించును. లైసెన్సు, బీమా చూతురు. ఆసుపత్రిలోనే ఒక సమన్వయకర్త కూర్చుండును. ఏ రోగి యే దినమున రావలెను, ఏ బండిలో చోటున్నది, అంతయు అతని పుస్తకములో నుండును. రోగి ముందుగా ఫోను చేసి చోటు చెప్పుకొనవలెను. తమంత తాము బండి యెక్కలేనివారిని సామాన్యముగా ఎక్కించుకొనరు. చేయలేనిదానిని చేయుదుమని చెప్పరు. ఈ తుదిమాట మన సేవాసంఘములవారు వ్రాసి గోడకు తగిలించుకొనదగినది. మన పద్ధతి వేరు గదా. మొదటి దినము పూలదండలు, మంత్రిగారు, బండికి కొబ్బరికాయ. మూడవ నెలకు డీసెలు లేదు. ఆరవ నెలకు ఆ బండి ఎవరింటి ముందర నున్నదో ఎవరికిని తెలియదు.

రోగిని మోయుట మన జాతీయచరిత్రలో హీనమైన పని కాదు. 1899లో బోయరు యుద్ధమున గాంధీగారు నేటాలు భారతీయులతో ఆంబులెన్సుదళమును కూర్చిరి. సుమారు 1,100 మంది; అందులో హెచ్చుమంది గిరిమిటి కూలీలు. మద్రాసు రాష్ట్రమునుండి చెరకుతోటలకు పోయిన తెలుగు కూలీ లున్న దేశ మది. గాయపడినవారిని డోలీలలో నెత్తుకొని దినమునకు ఇరువది, ఇరువదియైదు మైళ్ళు నడచిరి. ఆనాడు మోసినది తెల్లదొరల సిపాయిలను. నేడు మనము మోయవలసినది మన సిపాయిలను. నడువ నక్కరయు లేదు, బండి కలదు, తారుబాట కలదు.

గ్రంథాలయములలో కూర్చుండి ఈ పత్రిక చదువు సోదరులకు మరియొక సంగతి జ్ఞాపకము చేయుదుము. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడికిని కొల్లూరుకును నడుమ కాలువమీద పడవలో గ్రంథాలయమును నడిపిరి. చదువరి పుస్తకమునొద్దకు రాలేనిచో పుస్తకమే చదువరియొద్దకు పోవలెనని వారి యూహ. కాలువలేని కొలిమిగుండ్లకు పడవ రాదు గాని, ఆ యూహ రావచ్చును. వైద్యుని బండి యెక్కించి తేలేముగాని, రోగిని బండి యెక్కించి వైద్యునియొద్దకు గొనిపోవచ్చును.

ఇక పని సంగతి. కొలిమిగుండ్ల, బనగానపల్లె, అవుకు ప్రాంతముల మాజీ సైనికులు మొదట ఒక పట్టిక వ్రాసికొనవలెను. ఏ యూర నెందరు, ఎవరికి ఏ పరీక్ష, ఏ తేదీ. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమువారి సాయము దీనికి తీసికొనవచ్చును. పదునైదేండ్లు నిండక కొలువునుండి వచ్చి పింఛను లేనివారును పల్లెలలో కలరు. వారు పాలీక్లినిక్కునకు అర్హులు కాకున్నను కర్నూలు ప్రభుత్వాసుపత్రికి పోవువారే. వారినిగూడ పట్టికలో చేర్చవలెను. వారమున కొక దినమును నిర్ణయింపవలెను. ఆ దినము సంతదినమువలె అందరికిని తెలిసియుండవలెను. ఏడెనిమిది మంది కూర్చుండు వ్యాను చాలును. మెట్టు పొట్టిదిగా నుండవలెను. లేదా ఒక పీట వెంట నుంచుకొనవలెను. బండి నాలుగు గంటలకు బయలుదేరిన ఏడింటికి కర్నూలున నుండును. పరగడుపు పరీక్ష కావలసినవారు వరుసలో మొదట నిలుతురు. వెంట చదువు వచ్చిన యువకు డొకడు పోవలెను. నడుపువాడు బండియొద్ద నుండును. ఆ యువకుడు లోపల నుండి పేరు పిలిచినది విని చెప్పును, చీటి చదివి యే మాత్ర యెప్పుడో బలపముతో డబ్బాపై సూర్యుని, చంద్రుని బొమ్మ వేసి యిచ్చును. ఇది మేము హాస్యమునకు వ్రాసినది కాదు. చాలమంది వృద్ధులకు వైద్యుని చేవ్రాలుకంటె ఆ బొమ్మ యెక్కువ మేలు చేయును.

నడుపువా రెవరని యడుగుదురు. పల్లెలలో చూచిన తెలియును. సిపాయి సామాన్యముగా నలుబది దాటకముందే కొలువు విడిచి యింటికి వచ్చును. అందులో సైన్యపు లారీలను కొండదారులలో నడిపినవా రెందరో. లడఖ్ కనుమలలో బండి త్రిప్పినవానికి బనగానపల్లె మలుపు లొక లెక్కా? వారికి పింఛను కలదు, ఒడలిలో సత్తువ కలదు, ఉదయమున తీరికయు కలదు. ఆర్టీసీలో పనిచేసి విరమించిన డ్రైవరులును కలరు. నెలకొక దినము చొప్పున పదిమంది ముందుకు వచ్చినచో ఎవరికిని భారముండదు. ఒకరు రాలేకున్న మరియొకరు సిద్ధముగా నుందురు.

రెండు జాగ్రత్తలు. సొంత బండిలో ఛార్జీ తీసికొని మనుష్యులను ఎక్కించుకొనుట చట్టవిరుద్ధము. 1988 మోటారు వాహనముల చట్టము ప్రకారము దానికి పర్మిటు కావలెను. కావున రోగియొద్ద ఒక్క రూపాయియు పుచ్చుకొనరాదు. ‘డీసెలుకు మీకు తోచినది’ అను మాటయు బండిలో వినబడరాదు. రెండవది బీమా. మూడవవారికి మాత్రమే వర్తించు చౌకబీమా యున్నచో బండిలో కూర్చున్నవారికి ప్రమాదమున రక్షణ యుండదు. అందరికిని వర్తించు సమగ్ర బీమా తీసికొనవలెను. మంచిపనికి పోయి ఒక కుటుంబమును వీధిపాలు చేయరాదు గదా.

డబ్బు సంగతి. మా లెక్కలో ఒక యాత్రకు ఇరువది, ఇరువదిరెండు లీటర్ల డీసెలు పట్టును. లీటరు నూరు రూపాయలకు దగ్గర పడుచున్నది గనుక రెండువేల పైచిలుకు. నెలకు నాలుగు యాత్రలనిన తొమ్మిదివేల లోపల. కొలిమిగుండ్ల, బనగానపల్లె పేటలలోని వర్తకులకును, నాపరాళ్ళ గనుల యజమానులకును ఇది భయపడదగిన మొత్తము కాదు. బండి కొనుట పెద్దపని. దానికిని దారి కలదు. 2013 కంపెనీల చట్టములోని 135వ సెక్షను ప్రకారము, నిర్ణీత పరిమాణమును మించిన కంపెనీలు తమ సగటు లాభములో నూటికి రెండు వంతులు సమాజ కార్యములకు వెచ్చింపవలెను. ఆ కార్యముల పట్టికలో మాజీ సైనికుల మేలు, యుద్ధవితంతువుల మేలు స్పష్టముగా పేర్కొనబడినవి. కొలిమిగుండ్లయందే రామ్‌కో సిమెంటు కర్మాగారము 2022లో పని మొదలిడినది. ఈ సీమలోని సున్నపురాతిపై బ్రతుకు కర్మాగారములు మరికొన్ని గలవు. ఒక వ్యానును ఇమ్మని అడుగుట యాచన కాదు. చట్టము చూపిన తలుపును తట్టుటయే. అడుగువారు లెక్కలపుస్తకముతో పోవలెను, దండలతో కాదు.

ఇది ప్రభుత్వము చేయవలసిన పని, మనమేల చేయవలెనని కొంద రందురు. ప్రభుత్వము చేయవలసినదే, కాదని మే మనుట లేదు. హక్కు నడుగుట ఈ రేనాటివారికి నేర్ప నక్కరలేదు. రావలసిన పింఛను విషయమున జరిగిన అవమానమే కారణముగా ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో కోవెలకుంట్ల ఖజానాపై బడెనని చెప్పుదురు. 1847 ఫిబ్రవరి 22వ తేదీని ఆ కోవెలకుంట్లలోనే అతని నురితీసిరి. ఒకే హోదాకు ఒకే పింఛను కావలెనని 2015లో ఢిల్లీ జంతర్ మంతర్‌యొద్ద మాజీ సైనికులు నెలల తరబడి కూర్చుండిరి. ఆ యేడే దానిని సాధించుకొనిరి. అట్లే దీనినిగూడ అడుగవలెను. పాలీక్లినిక్కు వైద్యుడు నెలకొక దినమైన బనగానపల్లె వచ్చి చూడవలెను. పెద్ద యాసుపత్రికి వ్రాసిన చీటిలో తేదీయు వేళయు గూడ ముందే కుదిర్చి వ్రాయవలెను. జిల్లా గీతతో నిమిత్తము లేక రోగికి దగ్గర యేదో అక్కడ అతని నెల మందు లీయవలెను. ఈ మూడు కోరికలలో మొదటిదానికి ఖర్చు స్వల్పము, రెండవదానికి ఒక ఫోను మాట. అర్జీ వ్రాయుడు, మరల వ్రాయుడు. కాని అర్జీకి జవాబు వచ్చులోపల రక్తపుపోటు ఆగదు. బండి నడుచుచుండగనే అర్జీ నడువవచ్చును. నిజమునకు, ఆరునెలలు బండి నడిపి, ఇందరిని ఇన్నిమారులు గొనిపోతిమని లెక్క చూపిన అర్జీకి బలము హెచ్చును.

ఇంకొక ప్రశ్న కలదు. అది మమ్మును నిజముగా తడబెట్టినది. సిపాయిలకే యేల? నాపరాతి గనులలో ముప్పదియేండ్లు రాయి కోసి, ఆ దుమ్ము పీల్చి, నేడు మెట్టు ఎక్కిన దగ్గు తెరలతో కూలబడు కూలీ ఆ వీధిలోనే యున్నాడు. అతనికి పింఛనూ లేదు, పాలీక్లినిక్కూ లేదు, పతాకదినమూ లేదు. అతడు దేశమునకు చేసినది తక్కువయా? ఈ రాష్ట్రమున నెన్ని యిండ్లలో ఆ బండలు పరచియున్నవో! దీనికి మాయొద్ద చక్కని సమాధానము లేదు; నిజమైన సమాధాన మొక్కటి కలదు. సిపాయిలతో మొదలిడు మనుటకు కారణము వారు గొప్పవారని కాదు. వారి పట్టిక యున్నది, వారి తేదీలు ముందే తెలియును, వారిలోనే బండి నడుపువా రున్నారు; అందుచేత పని త్వరగా నిలుచును. బండిలో ఖాళీయున్న ప్రతిచోటును ఆసుపత్రికి పోవు మరియొక రోగిది కావలెను, సిపాయి కానీ, కూలీ కానీ, కడుపుతోనున్న యాడుకూతురు కానీ. ‘ఇది మిలిటరీవారి బండి’ యని కూలీని దింపిన దినమున ఆ బండిని అమ్మివేయుటయే మంచిది.

కొలిమిగుండ్ల గ్రంథాలయమున గాని, పాఠశాల వరండాలో గాని, ఈ నెలలోనే నలుగురు కూర్చుండుడు. అధ్యక్షు డెవరు, కార్యదర్శి యెవరు అను మాటలు ఆనాడు తలపెట్టవలదు. తేల్చుకొనవలసినవి మూడే. ఏ వారము? ఫోనెత్తువా రెవరు? తెల్లవారుజామున నాలుగు గంటలకు తలుపు తట్టిన లేచి ఈయగలవాడు, బండి తాళపుచెవి నుంచుకొనువా డెవడు?